బాణీ ఐర్లండ్‌ది, బలి మా బావ

యాభై ఏళ్ల జీవితంలో నేను కట్టింది ఒకే ఒక్క పాట. ఆ ఒక్కదానితో మా అక్క మొగుడికి ఊళ్లో తలెత్తుకు తిరిగే వీలు లేకుండా చేశాను. ఇంత పని చేయడానికి కొందరు కోర్టుల చుట్టూ తిరుగుతారు, పంచాయితీలు పెట్టిస్తారు, తాతల కాలం పగలు తవ్వి తీస్తారు. నాకు మూడు చరణాలు పట్టాయి. అదీ ఒక మధ్యాహ్నం, కప్పులో ఛాయ్ చల్లారేలోపు.

ఇందులో నా ప్రతిభ పిసరంత. మిగతాదంతా బాణీ మహిమ. ఆ బాణీ ఐర్లండ్ నుంచి వచ్చింది.

మొయినాబాద్ మండలంలో పుట్టి, చేవెళ్లలో చదివి, ఆ రెండింటి మధ్యే బట్టతల తెచ్చుకున్నవాడికి ఐర్లండ్ ఎక్కడ దొరికిందని అడుగుతారు. చెవిలో దొరికింది. ఇరవై ఏళ్ల కింద సిటీలో ఒక కాల్ సెంటర్‌లో కొలువు చేశాను. ఐర్లండ్‌లో ఎవరింట్లో ఇంటర్నెట్ ఆగినా ఆ తిట్లు సముద్రాలు దాటి వచ్చి మా చెవుల్లో పడేవి. వాళ్ల యాస మాకు అర్థం కావాలని ట్రైనింగ్‌లో రోజూ గంటసేపు వాళ్ల జానపదాలు, తిరుగుబాటు పాటలు వినిపించేవాళ్లు. నలభై మందిమి వరుసగా హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంటే ముప్పై తొమ్మిది మంది కళ్లు తెరుచుకునే నిద్రపోయారు. నా కాళ్లు మాత్రం బల్ల కింద ఎంతగా ఆడాయంటే, ఆ వరుసలో కంప్యూటర్లన్నీ తలా ఒక జానెడు పక్కకు జరిగాయి.

అసలు చదువు తర్వాత మొదలైంది. వారానికి రెండుసార్లు ఒక ముసలాయన ఫోన్ చేసేవాడు. ఒంటరి మనిషి, ఎక్కడో చిన్న ఊరు, ఇంట్లో నెట్ వస్తూ పోతూ ఉండేది. మా ఫోన్లకు రెండు మీటలుండేవి. హోల్డ్ నొక్కితే కస్టమర్‌కు ఏదో సంగీతం వినిపిస్తుంది, ఆయన మాట మనకు వినబడదు. మ్యూట్ నొక్కితే మన గొంతు మాత్రమే ఆగుతుంది. ఆయన ఇంట్లో పిల్లి తుమ్మినా మనకు వినబడుతుంది. మొదటిసారి నేను పొరపాటున హోల్డ్‌కు బదులు మ్యూట్ నొక్కాను. ఎవరూ వినడం లేదనుకుని ఆయన పాట ఎత్తుకున్నాడు. గులకరాళ్లు నమిలినట్టుండే గొంతు. అందులోంచి వచ్చిన బాణీకి నా వీపు మీద వెంట్రుకలు లేచాయి. నాకు వీపు మీద వెంట్రుకలు ఉన్నాయన్న సంగతి ఆరోజే తెలిసింది.

తర్వాత నుంచి కావాలనే నొక్కాను. "రెండు నిమిషాలు సార్, చూసి చెబుతాను" అని మ్యూట్ చేసి పదకొండు నిమిషాలు వినేవాణ్ని. ఆయన లైన్ బాగు చేయించడం నాకు ఒక్క క్లిక్కు పని. చేయలేదు. లైన్ బాగయితే ఫోన్ చేయడు, ఫోన్ చేయకపోతే నాకు పాట లేదు. ఎనిమిది నెలలు ఆయన ఫిర్యాదును ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కు తోస్తూ పదహారు పాటలు నేర్చుకున్నాను. ఒకరోజు ఆయన కూతురు ఫోన్ చేసింది. నాన్న పోయాడు, కనెక్షన్ తీసేయండి అంది. నాలుగు నిమిషాల్లో తీసేశాను. ఆ నెలలో అంత తొందరగా కాల్ ముగించినవాడు లేడని మెచ్చుకుని గోడ మీద నా ఫొటో పెట్టారు.

ఇప్పుడు మొయినాబాద్ దగ్గర ఒక కాలేజీ ఆఫీసులో హాల్ టికెట్లు పంచే గుమాస్తాను. కొలువు మారింది గానీ చెవి మారలేదు. బస్సులో ఆ పాటలే, స్నానాల గదిలో ఆ పాటలే, ఆదివారం చర్చిలో కీర్తనల పుస్తకం చాటున పెదవులు కదిలేది కూడా వాటికే. ఎందుకింత పిచ్చి అని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను.

వాళ్ల పాటల్లో ఎవరూ గెలవరు. గుట్టల్లో దాక్కుంటారు, దొరికిపోతారు, ఉరెక్కుతారు, మిగిలినవాళ్లు ఓడెక్కి వెళ్లిపోతారు. ఒక్క క్యాసెట్‌లో పోయే ప్రాణాలకు మా మండలం జనాభా చాలదు. బాణీ వింటే మాత్రం పెళ్లి బరాత్ అనుకుంటారు. కాలు ఆడుతుంది, చప్పట్లు పడతాయి, చివరి చరణంలో తల్లి శవం మీద పడి ఏడుస్తుంటే వినేవాళ్లు గ్లాసులతో బల్లల మీద దరువేస్తుంటారు. ఈ విద్య మాకు కొత్త కాదు. మా దిక్కు డప్పు పెళ్లికీ అదే, చావుకూ అదే. మంట దగ్గర కాచి బిగించిన తోలుకు రెండూ ఒకటే దెబ్బ. వాళ్లకూ ఒక డప్పుంది, మేకతోలుదే, ఒంటి పుల్లతో వాయిస్తారు. మన డప్పుకు మేనత్త కొడుకులా ఉంటుంది. ఉద్యమం రోజుల్లో చేవెళ్లలో ఎవరైనా పాట ఎత్తుకుంటే ఛాయ్ తాగేవాడు కప్పు వదిలేసి ఉరికొచ్చేవాడు. ఆ పాటల్లో కూడా గెలుపు కంటే ఏడుపే ఎక్కువ. గెలిచినవాళ్లు భూమి రిజిస్ట్రేషన్ చేయించుకుని ఇంటికి పోతారు, పాటతో వాళ్లకేం పని?

కానీ అసలు రుచి ఇంకోచోట ఉంది. ముసలాయన అన్నిటికంటే ఎక్కువగా పాడిన పాటలో వీరుల పేర్లు నాకు ఒక్కటీ గుర్తులేవు. వాళ్లను పట్టించినవాడు మాత్రం నిన్న చూసినట్టు గుర్తున్నాడు. వాడి పేరు పాటలో లేదు. వాడి ఎర్రగడ్డం ఉంది, ఈడ్చే కాలుంది, వాడి ఇంటి పొయ్యి పొగ ఉంది. మిగతా పాటంతా గొణిగే ముసలాయన, వాడి దగ్గరికి వచ్చేసరికి పాతికేళ్ల పడుచువాడయ్యేవాడు. వీరుణ్ని తలచుకోవడానికి ఎవరూ అంత గొంతు చించుకోరని నాకప్పుడు అర్థమైంది. ద్రోహి మీద ఉమ్మడానికి చించుకుంటారు. ఆ ఉమ్మి వందేళ్లయినా ఆరకుండా ఉండాలంటే మంచి బాణీ కావాలి.

మంచి బాణీ నా దగ్గరుంది. ద్రోహి లేడు. రెండేళ్ల కింద ఒకణ్ని తయారుచేశాను.

ఆయన గురించి ముందు చెప్పాలి. మా బావ మా మండలంలోని హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా షేర్ ఆటో నడిపేవాడు. మా ఊరు ఎంకపల్లి దగ్గరే. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరు ఛాతీ పట్టుకున్నా ముందు మోగేది ఆయన ఫోన్. అన్నం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడుక్కుని లేచేవాడు. దవాఖాన చేరేలోపు ఆ ఆటోలో పాతిక మంది పిల్లలు పుట్టారని నేను చెబుతుంటాను, నిజానికి ఇద్దరు. ఆ ఇద్దరి తల్లులూ ఆయన్ను సొంత అన్న కంటే ఎక్కువ చూసేవాళ్లు. ఆటో ఫైనాన్స్‌లో ఉంది, ఇల్లు మా అక్క పేరు మీద ఉంది. ఆయనదని చెప్పుకోవడానికి ఉన్నదల్లా ఆ ఫోన్ మోగడమే.

ఇక గేటు. సిటీ నుంచి వచ్చిన ఒక సేటు ఫామ్‌హౌస్ కట్టుకుని, మా చేన్లకు పోయే బండ్ల బాటకు అడ్డంగా గేటు పెట్టాడు. పదడుగుల గేటు; నేను చెప్పేటప్పుడు ముప్పై అంటాను, వినేవాళ్లు మూడో వంతే నమ్ముతారు, అలా లెక్క సరిపోతుంది. అర్జీలు పెట్టాం, కదలిక లేదు. చివరికి గేటు ముందే వంటావార్పు మొదలుపెట్టాం. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని, అవతలివాడికి సిగ్గొచ్చేదాకా లేవకుండా కూర్చోవడం. బావ తన ఆటో తెచ్చి గేటు పక్కన నిలబెట్టి పైన మైకు కట్టించాడు. నాలుగు దిక్కులకు నాలుగు గొట్టాలు. మాట్లాడే పని నాది. వంట మగవాళ్లది. ఉద్యమ స్ఫూర్తితో మగవాళ్లు వండిన పప్పు మొదటి రోజు ఉడకలేదు, రెండో రోజు మాడింది, మూడో రోజు బావ కడుపులో తిరుగుబాటు చేసింది.

బావ నా దగ్గరికి వచ్చి చెవిలో అన్నాడు.

"బామ్మర్ది, పాణం మంచిగ లేదు."

"ఏమైంది బావా?"

"ఏమైందో మైకుల జెప్పాల్నా? కడుపుల బుల్డోజర్ తిరుగుతున్నది."

"చేన్లకు పోరాదు?"

"యాడికి పోవాలె? గీ దిక్కు మీ అక్కోళ్లు కూసున్నరు, గా దిక్కు పాస్టరమ్మ కూసున్నది. ఊరు మొత్తం ఈడనే ఉండె. పోరాటమని ఒక్క చెట్టు సాటు గూడ మిగుల్చలేదు మీరు."

అంతే, మనిషి మాయమయ్యాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌తో రెండు నిమిషాలు గుసగుసలాడి, సందులోంచి లోపలికి దూరాడు. కాసేపటికి అదే సందులోంచి బయటికొచ్చాడు. ఆయన వెనక సేటు ప్యాలెస్, ముందు మా ఊరు ఊరంతా, చేతిలో బంగారు మూత ఉన్న ఫారిన్ మందు సీసా.

గరిటెలు ఆగిపోయాయి. బావ చేతిలోని సీసాను అప్పుడే చూసుకున్నట్టు ఉలిక్కిపడి, కాలవలోకి విసిరేశాడు. దానితో చూడనివాళ్లు కూడా చూశారు.

"ఏంది బావా గది?" అన్నాను పక్కకు లాగి.

"లోపట కూలోళ్ల లెట్రిన్ల నల్ల లేదు, మగ్గు లేదు. గా వాచ్‌మన్ పాపం ఖాళీ సీసల నీళ్లు వట్టిచ్చిండు. తత్తరల చేతుల్నే ఉండిపోయింది. ఎవ్వలతోని అనకు, నీకు దండం వెడత. పాస్టరమ్మ ముంగట నా ఇజ్జత్ పోతది."

అననని ఒట్టు వేశాను.

ఆ సాయంత్రం అయిదింటికి పెద్దలు గుండ్రంగా కూర్చుని రహస్యంగా తీర్మానం చేశారు. రేపు పొద్దున ఆరింటికి గడ్డపారలతో వచ్చి గేటు పీకేయాలి. ఫోన్లలో చెప్పొద్దు, గ్రూపులో పెట్టొద్దు, సేటు మనుషులు ఎవరి ఫోనైనా చూడొచ్చు. అంతా బాగుంది. కానీ క్యారెట్ చేన్లలో ఉన్న ఆడవాళ్లకు కబురెలా? ఫోన్ వద్దన్నారు కాబట్టి నేను మైకు అందుకున్నాను.

"ఊరి ప్రజలకు విజ్ఞప్తి. రేపు పొద్దుగాల ఆరు గంటలకు అందరు గడ్డపారలు వట్టుకొని రావాలె, గేటు పీకుతున్నం. ఇది రహస్యం. బయట ఎవ్వలకు చెప్పొద్దు." వినబడలేదేమోనని మూడుసార్లు చెప్పాను. నాలుగు గొట్టాల్లో ఒకటి సేటు వరండాకు ఎదురుగా ఉంది.

మరునాడు ఆరింటికి మేం వెళ్లేసరికి గేటు ముందు రెండు పోలీసు వ్యాన్లు. గడ్డపారలు ఒక వ్యాన్‌లోకి, మేము ఇంకో వ్యాన్‌లోకి. మధ్యాహ్నం దాకా ఠాణా ముందు ఎండలో కూర్చోబెట్టి సంతకాలు తీసుకుని పంపారు. ఆ తర్వాత సర్వేయర్ వచ్చి, నక్షాలో ఇక్కడ బాటే లేదన్నాడు. మా తాతలు వందేళ్లు గాలిలో నడిచారన్నమాట.

ఆ మధ్యాహ్నం ఠాణా నుంచి నడిచొస్తుంటే అందరి నోటా ఒకటే ప్రశ్న. ఎవడు చెప్పాడు? అందరిలోనూ పెద్దది, పళ్లులేని ఒక అవ్వ, నన్ను అంగీ పట్టి ఆపింది.

"నువ్వే గద బిడ్డా మైకుల జెప్పితివి?"

ఇద్దరు ముగ్గురు నా వైపు తిరిగారు.

"గది మనకోసం జెప్పింది అవ్వా. ఆళ్లకు జెప్పలే గద," అన్నాను.

అవ్వ నా అంగీ వదిలేసి, "గదీ నిజమే," అంది. తిరిగిన తలలు మళ్లీ ముందుకు తిరిగాయి. కానీ ఆ తలలు ఎంతసేపు ముందుకే ఉంటాయో నమ్మకం లేదు. ఇంటికొచ్చి ఛాయ్ పెట్టించుకుని ముసలాయన బాణీ తీశాను. ఓటమి ఉంది, గేటు ఉంది, పోలీసులున్నారు. కావలసింది ఒక్క మనిషి. నా పాటలో కూడా పేరు లేదు, ఐర్లండ్ పద్ధతే. మూడో చరణం ఇదీ:

*కడుపునిండ పప్పు దిన్నడు, కంచె లోపలికురికినడు*
*ఒట్టిచేతుల పోయినోడు సీస వట్టుకొచ్చినడు*
*ఎవ్వడే వాడెవ్వడే, గేట్లకెల్లి పోయినోడెవ్వడే*

టెంటు పీకేసే రోజు అందరం చేరాం. ఓడిపోయిన ముఖాలతో తాళ్లు విప్పుతుంటే నేను పాట ఎత్తుకున్నాను. డప్పులవాళ్లు రెండో వరుసకే దరువు పట్టుకున్నారు. బావ గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటి చరణం గేటు మీద, రెండోది పోలీసుల మీద. గుంజను చంకలో పెట్టుకుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. బామ్మర్ది పాట కట్టాడన్న గర్వం. మూడో చరణంలో సీస వచ్చింది. ఆయన చేతులు చప్పట్ల మధ్యలో, రెండు అరచేతులూ కలవకుండానే ఆగిపోయాయి. జనం "ఎవ్వడే వాడెవ్వడే" అని అడుగుతూ ఆయన వైపే చూశారు. చుట్టూ చూశాడు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని. వెనక టెంటు గుడ్డ ఉంది.

ఆ క్షణంలో నేను పాట ఆపొచ్చు. ఆపలేదు. జనం అంత బాగా అందుకుంటుంటే ఏ పాటగాడూ ఆపడు. నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉంది. మూడు రోజుల ఓటమి, ఠాణా ముందు ఎండ, అవ్వ ప్రశ్న, అన్నీ ఒక్క దరువుతో ఆయన నెత్తి మీదికి దిగిపోయాయి.

వారంలో పాట మొయినాబాద్ దాటింది. క్యారెట్ పీకే ఆడవాళ్లు పాడారు. ఎవరో ఫోన్‌లో తీసి గ్రూపుల్లో పెట్టారు. బావ ఆటోలో కూర్చున్నవాళ్లు బయటికి చూస్తూ ముక్కుతో ఆ బాణీ తీసేవాళ్లు; ఆయన వెనక్కి తిరిగితే ఆపేవాళ్లు, ముందుకు తిరిగితే మొదలుపెట్టేవాళ్లు. ముద్దు పెట్టి గురువును పట్టించిన శిష్యుడి గురించి చర్చిలో పాస్టరు గారు ప్రసంగించిన ఆదివారం, వరసలన్నీ ఒక్కసారిగా బావ కూర్చున్న ఎడమ వైపు తిరిగాయి. మెడలు పట్టేసిన వాళ్లు పదిహేను మంది ఉంటారు. వాళ్లను దవాఖానకు తీసుకెళ్లడానికి కూడా బావను పిలవరు.

మూడు నెలలకు బావ మా ఇంటికొచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప మీద కూర్చున్నాడు.

"గిరాకీ గురించి గాదు బామ్మర్ది. మొన్న మా పక్కింటి పొల్లకు నొప్పులొచ్చినయి. గోడకు గోడ. అరుపులు మా ఇంట్ల ఇనబడుతున్నయి. నా ఆటో వాకిట్లనే ఉన్నది, తాళం చేతుల వట్టుకొని నిలవడ్డ. ఆళ్లు మొయినాబాద్‌కెళ్లి వేరే ఆటో పిలిపిచ్చుకున్నరు. అది వచ్చేదాంక అరగంట గా పొల్ల అట్లనే ఒర్లింది. నన్ను పిలువలె."

లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చాను. చెంబు పక్కన పెట్టాడు.

"నువ్వు అందరి ముంగట నిజం జెప్పు," అన్నాడు.

"చెప్తే లోపటికి ఎందుకు పోయినవంటరు బావా. సీస ఎక్కడిదంటరు."

చెంబెత్తి నీళ్లన్నీ తాగాడు. "చెప్పు. కడుపే గద. అందరికి ఉంటది." లేచి చెప్పులేసుకుంటూ అన్నాడు, "మైకుల నువ్వు జెప్పిందే సేటు ఇన్నడని గూడ జెప్పు."

ఆ సంగతి ఆయనకు తెలుసని నాకు తెలియదు. గొట్టాలు కట్టించింది ఆయనే, ఒకటి సేటు వరండాకేసి ఉందని ఆయనకు తెలుసు. చెప్పేటప్పుడు ఆయన స్టీరింగ్ దగ్గరే కూర్చుని ఉన్నాడు. మూడు నెలలుగా తెలిసీ ఎవరికీ చెప్పలేదు. ఒక్క మాట బయటపెట్టి ఉంటే పాటంతా నా మీదికి తిరిగేది. ఎందుకు చెప్పలేదని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

కోత పండుగ వచ్చింది. ఊరి క్రైస్తవులు కొత్త పంటలో తలా ఇంత చర్చికి తెచ్చే రోజు. గుమ్మడికాయలు, మొక్కజొన్నలు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి మధ్య మైకు. మా వాళ్లే కాదు, భోజనాలకు ఊరంతా వచ్చింది. అక్క ముందు వరసలో, బావ పక్కన, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. బావ చొక్కా ఆమే ఇస్త్రీ చేసిందేమో, మడతలు కత్తుల్లా ఉన్నాయి.

లేచి అంతా చెప్పాను. ఈసారి ఏదీ పెంచలేదు, నా జీవితంలో మొదటిసారి గేటు పదడుగులే అన్నాను. నేను మైకులో చెప్పిన రహస్యమే సేటు చెవిన పడిందన్నాను. సీసలో ఉన్నవి నీళ్లన్నాను. బావ లోపలికి ఎందుకు పోయాడో చెప్పాను.

ముందు పళ్లులేని అవ్వ నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకు అంటుకుని చర్చి రేకులు ఊగాయి.

"ఓయమ్మో, ఫారిన్ సీసతోని కడుక్కున్నడంటనే!"

"సేటు గేటు పీకలేకపోయినం గని, మనోడు లోపట గెలిచొచ్చిండు!"

"మరి మైకు సంగతి?" అని అరిచాను. "సేటుకు ఇనబడింది నా మాటనే, ఇనుండ్రి!"

"కూసో తమ్మీ," అన్నాడు ఒక పెద్దాయన, కళ్లు తుడుచుకుంటూ. "బావను కాపాడనీకి నెత్తి మీద ఏసుకుంటున్నవు. అక్క మీద ఎంత పావురం, ఎంత ప్రేమ ఉన్నదో. బామ్మర్ది అంటే నువ్వురా!"

చప్పట్లు కొట్టారు. నాకు. నవ్వొచ్చే సగాన్ని నమ్మారు, మిగతా సగాన్ని నా అలవాటు కింద కొట్టేశారు. నేను ఇంకోసారి చెప్పొచ్చు, మోకాళ్ల మీద పడి చెప్పొచ్చు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. దాన్ని పాస్టరు గారికిచ్చి కూర్చున్నాను. చప్పట్లు నా వైపు ఉన్నప్పుడు నిలబడి వాటిని ఆపేంత మంచివాణ్ని కాదని ఆరోజు రూఢి అయింది.

బయటికొచ్చాక అక్క నా ముందు ఆగింది. "ఇన్నొద్దులు దొంగ పెండ్లమంటుండిరి తమ్మీ. జర భయపడుతుండిరి," అంది. "ఇప్పుడు భయం గూడ లేకుంట చేసినవు. మళ్ల నా వాకిట్ల అడుగు వెట్టకు."

మరునాడు పొద్దున్నే క్యారెట్ చేన్లలో నాలుగో చరణం పుట్టింది. అది నేను కట్టలేదు.

*సీసలోన సార లేదంట, నీళ్లున్నయంట ఓరక్క*
*నీళ్లు దేనికంటె జెప్పడు, పొట్ట వట్టుకురికినడు*

అయినా "ఎవ్వడే వాడెవ్వడే" పోలేదు. నీళ్ల సీసా అయితే ఏం, గేట్లోంచి పోయినవాడు పోయినవాడే అన్నారు. ద్రోహి ద్రోహిగానే ఉండి, పైన కడుపు జారినవాడు కూడా అయ్యాడు. బావ ఫోన్ మాత్రం మోగడం మొదలైంది. తెలియని నంబర్ల నుంచి చేసి, ఆయన "ఎవరు, నొప్పులెవరికి?" అని అడిగేలోపు నాలుగో చరణం పాడి పెట్టేసేవాళ్లు. పది రోజులు ప్రతి ఫోనూ ఎత్తాడట. ఒక్కటైనా నిజమైనది ఉంటుందేమోనని.

తర్వాత ఆటోను శంకర్‌పల్లి దిక్కు తోలుకుపోయాడు. అక్క ఇంట్లోనే ఉంది, ఆయన వారానికోసారి వచ్చి పోతాడని విన్నాను.

పోయిన నెల శంకర్‌పల్లి మండలం ప్రొద్దుటూరులో చుట్టాలింట్లో కొత్తింటి ప్రార్థన ఉంటే వెళ్లాను. శంకర్‌పల్లిలో షేర్ ఆటోకు చెయ్యెత్తి, ఆగీ ఆగకముందే ఎక్కి కూర్చున్నాను. కూర్చున్నాక అద్దంలో చూస్తే బావ. గడ్డం పెంచాడు. నన్ను చూశాడు, గేరు వేశాడు. నా పక్కన కొత్తిమీర కట్టల మూట ఒళ్లో పెట్టుకుని ఒక ముసలవ్వ ఉంది. ఎవరి ధ్యాసా లేకుండా, రోడ్డు గుంతల దరువుకు సరిగ్గా, ఆ పాటే పాడుకుంటోంది. మొదటి రెండు చరణాలే, కానీ మాటలు కొన్ని మారాయి. సేటు పోయి దొర వచ్చాడు, పోలీసులు పోయి గుర్రాలొచ్చాయి.

బావ ఆటో మెల్లగా చేశాడు. "ఎక్కడి పాట అవ్వా?"

"ఏమో బిడ్డా, శానా పాతది. మా అమ్మ నాట్లేసేటప్పుడు పాడేది."

"గా గేట్లకెల్లి పోయినోడు ఎవడు?"

"ఎవడో లుచ్చాగాడు. నిజాం జమానల ఊరిని పట్టిచ్చిండట."

"ఉన్నడా, పోయిండా?"

"వాడింకా యాడుంటడు? ఎప్పుడో సచ్చిండు. పురుగులు వడి సచ్చిండట."

బావ తలూపాడు. చాలా రోజులుగా ఎదురుచూస్తున్న కబురు అందినట్టు, నెమ్మదిగా, రెండుసార్లు. భుజాలు కాస్త కిందికి దిగాయి.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. కానీ రెండేళ్ల కింద ఛాయ్ తాగుతూ కట్టిన పాటకు రెండు తరాల వయసు వచ్చిందంటే ఏ కవి ఊరుకుంటాడు? "మరి పాట కట్టినోడెవరు అవ్వా?" అన్నాను.

"నాకేమెరుక?" అంది అవ్వ.

"నాకెరుకే," అన్నాడు బావ, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "వాడు వీనికంటె ముందే సచ్చిండవ్వా. ఏడ్వనీకి గూడ ఎవ్వరు రాలే."

ఆటో పక్కకు ఆపాడు. అటూ ఇటూ పత్తి చేన్లు, కనుచూపు మేరలో ఇల్లు లేదు, ఊరు ఇంకా చాలా దూరం.

"దిగుండ్రి సార్," అన్నాడు. "మీ జాగ వచ్చింది."

దిగాను.